జర్మనీ మెంబరమ్మకి నేను చెప్పని మాటలు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందుగా చెప్పేస్తాను. ఒక ముసలావిడ నన్ను నమ్మి ఐదారు మాటలు చెప్పింది. వాటిని ఇంగ్లీషులోకి మార్చి, ఎదురుగా కూర్చున్న మనిషికి వినిపించడం నా ఉద్యోగం. నేను వినిపించలేదు. ఆవిడ అనని రెండు వాక్యాలు ఆవిడ అన్నట్టుగా చెప్పాను. నన్నెవరూ బెదిరించలేదు, చెవిలో ఎవరూ ఏమీ ఊదలేదు. పట్టపగలు, ముప్పై మంది పిల్లల ముందు, చేతిలో నోటు పుస్తకం పట్టుకుని ఆ పని చేశాను.

నేను యాంగోన్‌లో ఇరవై ఏళ్ళకు పైగా దుబాసీగా పనిచేశాను. మా తాత ఈ ఊరిని రంగం అనేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి అహ్లోన్ పేటలో బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. మా నాన్న రేవులో చేశాడు. నాకు బడిలో బర్మా పేరు రాయించారు, ఆ పేరుతోనే బతికాను. చివరి పదేళ్ళు చదువుల కోసం పనిచేసే ఒక జర్మన్ సంస్థ ఆఫీసులో ఉన్నాను. అక్కడ అందరూ నన్ను ఆ బర్మా పేరుకి ముందు 'ఊ' పెట్టి గౌరవంగా పిలిచేవారు. నేను తెలుగువాడినని వాళ్ళకి తెలుసు. ఆ మాట వాళ్ళు ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు.

మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే మొదట నేర్పే నియమం ఒకటుంది. 'ఆవిడ ఇలా అంటోంది' అని చెప్పకూడదు. ఎదుటి మనిషి 'నేను' అంటే మనమూ 'నేను' అనే అనాలి. రైతు మాట్లాడితే కాసేపు మనం రైతు, మంత్రి మాట్లాడితే కాసేపు మంత్రి. కొత్తలో సిగ్గేస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. ఈ నియమం ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను ఆడిన అబద్ధం నా పేరున ఆడలేదు. ఆ ముసలావిడ 'నేను'తో ఆడాను.

వచ్చినావిడ జర్మనీ పార్లమెంటు సభ్యురాలు. మా తెలుగువాళ్ళు వినగానే మెంబరమ్మ అనేశారు, నాకూ ఆ పేరే నోట్లో ఉండిపోయింది. అరవై దగ్గర పడిన మనిషి. పాదాలు వాచి ఉండేవి. కారెక్కగానే బూట్లు విప్పేసి, వేళ్ళు నొక్కుకుంటూ మాట్లాడేది. ఆ వారం రోజులూ స్ట్రాండ్ రోడ్డు మీద, తామ్వే కూడలి దగ్గర ఇరుక్కుపోయిన కార్లో కూర్చుని ఆవిడ ఉద్యోగం కథంతా విన్నాను. మొదట వడ్రంగం, రొట్టెల పని నేర్చుకునే కుర్రాళ్ళకి లెక్కలు చెప్పే టీచరట. బడిలో పగిలిన కిటికీలు బాగుచేయించమని ఊరి కౌన్సిలుకి అర్జీ మీద అర్జీ పెట్టి విసిగిపోయి, ఆఖరికి తనే కౌన్సిలుకి నిలబడింది. అక్కణ్ణించి పార్లమెంటు. నాలుగు ఎన్నికలు గెలిచి, నాలుగుసార్లూ పార్లమెంటు వేసే విద్యా సంఘంలోనే కూర్చుంది.

"ఇంతకీ ఆ కిటికీలు బాగుపడ్డాయా?" అని అడిగాను.

ఆవిడ నవ్వింది. తమ దేశంలో బళ్ళు రాష్ట్రాల చేతుల్లో ఉంటాయట. రాజధానిలో కూర్చున్న విద్యా సంఘానికి ఒక బడిలో గంట ఎప్పుడు కొట్టాలో చెప్పే అధికారం కూడా లేదట. ఇన్నేళ్ళూ నివేదికలు చదివాను, నివేదికలు రాశాను, బళ్ళు చూశాను, అంది. ఆ మాట అంటూనే తల వెనక్కి వాల్చి నిద్రపోయింది. డ్రైవరు ఏసీ తగ్గించాడు.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. ఏ బడికి వెళ్ళినా ముందు మరుగుదొడ్డి చూపించమనేది, తర్వాత హాజరు పట్టీ తెమ్మనేది. తరగతి గదిని ఎవరైనా ఒక్క పూటలో సర్దగలరు, ఆ రెండింటినీ సర్దడం మర్చిపోతారు అనేది. ఈ సంగతి నాకు సోమవారమే తెలుసు. శనివారం మా అహ్లోన్ బడికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మా బడి అంటే పెద్దదేం కాదు. గుడి వెనక ఒక హాలు, సాయంత్రాలు అందులో తెలుగు అక్షరాలు నేర్పేవారు. నేర్పేది ఒక్క పంతులమ్మ. పిల్లలు ఆవిణ్ణి బర్మా మాటలో 'సయామా' అనేవారు, పెద్దవాళ్ళం పంతులమ్మ అనేవాళ్ళం. ఆవిడ భర్త రేవు గుమాస్తా, ఎప్పుడో పోయాడు. నాకూ చిన్నప్పుడు ఆవిడే అక్షరాలు దిద్దించింది. ఆవిడ దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయేమో, ఏటి అవతలి తాకేటా పేట నుంచి బస్సులో వచ్చి ఆవిడకి సాయం చేసేది. ఆవిడ నోటితో చెబితే ఈ అమ్మాయి బోర్డు మీద రాసేది. పంతులమ్మకి కళ్ళు పోతున్నాయి మరి.

మెంబరమ్మ వచ్చింది ఇలాంటి బళ్ళ కోసమే. చిన్న చిన్న జాతులవాళ్ళు తమ భాషని తామే నేర్పుకునే బళ్ళు. ఆగిపోయేలా ఉండి, తర్వాత చెప్పే మనిషి లేని బడి అయితే, జర్మనీ ఇచ్చే డబ్బుతో మా సంస్థవాళ్ళు అక్కడి నుంచి ఒకరిని తీసుకెళ్ళి ఆరు నెలలు పాఠం చెప్పడం నేర్పిస్తారు. బాగా నడిచే బడికి ఆ సాయం లేదు. ఈ షరతు నాకు తెలియదని చెప్పుకోవడానికి లేదు. ఆ సాయం కోరే దరఖాస్తు కాగితాన్ని బర్మా భాషలోకి మార్చింది నేనే.

పంతులమ్మకి ఈ సంగతి చెప్పింది కూడా నేనే. ఆవిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, విన్నావటే, నీ గురించే, అంది. అమ్మాయి తాకేటాలో బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరి ఉంది. మెంబరమ్మ వచ్చి వెళ్ళేదాకా చేరనని అక్కడ చెప్పుకుంది.

తర్వాత గుడి పెద్ద దగ్గరికి వెళ్ళాను. అహ్లోన్‌లో కిరాణా కొట్టు ఆయనది. వరసకి మావ అవుతాడు. బడికి ఏడుగురే వస్తున్నారని ఆయనకీ తెలుసు.

"ఏటల్లుడూ," అన్నాడు. "పార్లమెంటు నుంచి మెంబరొత్తంటే ఏడుగురు పిల్లల్ని కూకోబెట్టి సూపిత్తావేటి? తమిళోళ్ళ బడి సూసొచ్చి మన బడి సూత్తాది గదా. అక్కడ వందమంది, ఇక్కడ ఏడుగురు. మొకం ఎక్కడ పెట్టుకుంటాం?"

ఇక్కడ మావని దోషిని చేసి తప్పుకోవచ్చు. కానీ ఆయన ప్రశ్న వేసి ఊరుకున్నాడు. తామ్వే నుంచి, తాకేటా నుంచి మనవాళ్ళ పిల్లల్ని ఒక బస్సులో తీసుకొద్దామన్నది నేను. వాళ్ళచేత ఒక పద్యం బట్టీ పట్టిద్దామన్నదీ నేనే. దరఖాస్తు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పరువు నిలవాలి అనుకున్నాను. ఇరవై ఏళ్ళు ఊళ్ళో అందరి మాటలూ అందరికీ చేరవేశాను. మావాళ్ళ మాట ఒక్కసారి కూడా నా నోటి మీదుగా పోలేదు. మొదటిసారి పోతున్నప్పుడు మావాళ్ళు గొప్పగా కనబడాలనిపించింది. అలా అనిపించడం తప్పని ఇప్పటికీ అనుకోను. తర్వాత చేసింది తప్పు.

శనివారం పొద్దున్న హాలు నిండిపోయింది. కొత్త గౌన్లు, నూనె రాసి దువ్విన తలలు. పంతులమ్మ గుమ్మంలో నిలబడి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది. ఎవరీ పిల్లలని అమ్మాయిని అడిగింది. అమ్మాయి నా వైపు చూసింది. నేను కుర్చీలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

మెంబరమ్మ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వాచిన పాదాలతో లోపలికొచ్చింది. మరుగుదొడ్డి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, హాజరు పట్టీ ఉందని. ఆపేలోపే ఆవిడ సైగ చేసింది, అమ్మాయి అలమరలోంచి తీసిచ్చింది. అందులో ఏడు పేర్లున్నాయి, బర్మా అక్షరాల్లో, నంబర్లు వేసి. ఆవిడకి ఆ అక్షరాలు రాకపోయినా ఏడు వరసలు కనబడతాయి. పేజీలు వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది. తలెత్తి గదిలో పిల్లల్ని చూసింది. మూసి బల్ల మీద పెట్టేసింది. నన్నేమీ అడగలేదు.

పిల్లలు పద్యం అప్పజెప్పారు. తామ్వే నుంచి వచ్చినవాళ్ళు మధ్యలో మర్చిపోయి, ఇడ్లీ పొట్లాలు ఎప్పుడిస్తారని పక్కవాళ్ళని బర్మా భాషలో అడిగారు. మావ గొంతు సవరించుకున్నాడు. అందరూ నవ్వారు.

మెంబరమ్మ పంతులమ్మ ఎదురుగా కుర్చీ జరుపుకుని, మీకేం కావాలో చెప్పండి అంది. తెలుగులో అడిగాను. పంతులమ్మ లేచి నిలబడింది. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, నా గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"బాబూ, ఆవిడకి ఉన్నదున్నట్టు సెప్పు. ఈ పిల్లలందరూ మా బడి పిల్లలు కారు. నాకాడికొచ్చేది ఏడుగురే. నాకు కళ్ళు మసకలొచ్చేసినాయి, అచ్చరాలు అగుపించట్లేదు. నా ఎనకాల ఇక్కడ సెప్పేవోళ్ళు లేరు. ఈ పిల్లకి తెలివుంది, ఓపికుంది. దీన్ని తీసికెళ్ళి పాఠం సెప్పడం నేర్పించమను. నాకింకేటీ వొద్దు."

తెలుగు తెలిసిన పెద్దలంతా విన్నారు. మావ తల దించుకున్నాడు. పిల్లల తల్లులు నన్నే చూస్తున్నారు. నోటు పుస్తకంలో ఆవిడ ప్రతి మాటా రాసుకున్నాను, అది అలవాటు కాబట్టి. మెంబరమ్మ వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాను:

"ఇంత దూరం మా బడి చూడటానికి వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మా పెద్దల అండతో ఇన్నేళ్ళుగా ఈ బడి చక్కగా నడుస్తోంది."

మెంబరమ్మ తలాడించి, పంతులమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. పంతులమ్మ మొహం వెలిగిపోయింది. తన మాట చేరిందనుకుంది. అమ్మాయి వంగి మెంబరమ్మకి దండం పెట్టింది.

బయటికి వస్తుంటే మావ నా వీపు తట్టాడు. "కాపాడేవల్లుడూ," అన్నాడు మెల్లగా. ఇంగ్లీషు ఆయనకి ఆ మాత్రం వచ్చు.

కార్లో మెంబరమ్మ బూట్లు విప్పేసి వేళ్ళు నొక్కుకుంది. తర్వాత అడిగింది. "ఆవిడ చాలాసేపు మాట్లాడింది. మీరు రెండు వాక్యాలే చెప్పారు. ఇంకేమైనా అందా?"

దేవుడు రెండో అవకాశం ఇస్తాడంటారు, నాకైతే ఇచ్చాడు. పక్కన ఎవరూ లేరు, డ్రైవరుకి ఇంగ్లీషు రాదు. చెప్పేస్తే అయిపోయేది.

"మా తెలుగులో మర్యాదలకి మాటలు ఎక్కువ పడతాయి మేడమ్," అన్నాను.

ఆవిడ చిన్నగా నవ్వి, పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆవిణ్ణి విమానాశ్రయంలో దింపి తిరిగొస్తుంటే డ్రైవరు, వారమంతా నోరు మెదపని మనిషి, నన్ను గౌరవంగా 'సయా' అని పిలిచి ఒకటే మాటన్నాడు. "సయా, ఆ ముసలి సయామా ఏదో అడిగింది కదా." అతనికి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. గుమ్మం బయట నిలబడి, ఆవిడ చెయ్యి ఎవరి భుజం మీద వేసిందో చూశాడంతే.

రెండు నెలలకి మెంబరమ్మ పర్యటన నివేదిక వచ్చింది. సాయానికి ఎంచుకున్న బళ్ళలో మాది లేదు. అహ్లోన్ తెలుగు బడి సమాజం అండతో తన కాళ్ళ మీద తాను నిలబడింది అని రెండు వాక్యాలున్నాయి. దాన్ని బర్మా భాషలోకి మార్చే పని నా బల్ల మీదకే వచ్చింది. చక్కగా మార్చాను. ఆ నివేదిక మొత్తంలో ఒక్క తప్పు లేదని మా ఆఫీసరు మెచ్చుకుంది కూడా.

పంతులమ్మ నన్ను గుడి దగ్గర చూసినప్పుడల్లా కబురొచ్చిందా బాబూ అని అడిగేది. ఇంకా లేదండీ అనేవాణ్ణి. తర్వాత తర్వాత గుడికి వేరే వేళల్లో వెళ్ళడం మొదలుపెట్టాను. అమ్మాయి వర్షాకాలం దాకా ఆగి ఫ్యాక్టరీలో చేరిపోయింది. బోర్డు మీద రాసే చెయ్యి లేక ఏడుగురు నలుగురయ్యారు, ఒక రోజుకి ఎవరూ రాలేదు. హాల్లో పెళ్ళి కుర్చీలు పేర్చారు. ఆ తర్వాత కరోనా రోగం కాలం వచ్చింది, దాని వెనకే సైన్యం గద్దెనెక్కి దేశం తలకిందులైన కాలం. మా ఆఫీసు మూతపడింది. నేను రిటైరయ్యాను. అంత పెద్ద కష్టాల మధ్య ఈ చిన్న తప్పు ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. నాకే గుర్తుంది. ఇల్లు సర్దుతుంటే ఆ నోటు పుస్తకం బయటపడింది. పంతులమ్మ మాటలు నా చేతిరాతలో, ఒక్కటి పోకుండా.

పుస్తకం పట్టుకుని తామ్వే వెళ్ళాను. పంతులమ్మ అక్కడ చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటోంది. కళ్ళు పూర్తిగా పోయాయి. గొంతు విని గుర్తుపట్టింది. ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాను. కార్లో అడిగిన ప్రశ్న, నా జవాబు కూడా చెప్పాను. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. అలసటగా ఉందంతే.

ఆవిడ చీరచెంగు వేలికి చుట్టుకుంది.

"అయితే ఆవిడ కాదన్లేదన్న మాట," అంది.

"లేదండీ. ఆవిడకి తెలీదు."

"ఇన్నేళ్ళూ ఆ దొరసానిని తిట్టుకున్నాను కదరా. సెయ్యట్టుకుని సరేనని ఎల్లి మర్సిపోయిందని. ఎంతమందికాడ సెప్పానో." చీరచెంగు వదిలేసింది. "ముందు ఆవిడకి రాయి. నా సంగతి తరవాత సూద్దాం."

అక్కడే కూర్చుని ఉత్తరం రాశాను. ఆవిడ మాటల్ని నా పుస్తకంలోంచి చదివి వినిపిస్తే, అవునంది. ఒకచోట ఆపింది. ఆ రోజు కళ్ళు మసకలొచ్చాయన్నాను గానీ అప్పటికి మరీ అంత కాదు, అమ్మాయి మీద జాలి పడతారని కాస్త ఎక్కువ చెప్పాను, అదీ రాసెయ్, అంది. రాశాను.

ఉత్తరాన్ని మెంబరమ్మ పార్టీ ఆఫీసుకి ఈమెయిలులో పంపించాను. అప్పటికే ఆవిడ పార్లమెంటులో లేదట. అక్కడ పార్టీ ఒక జాబితా వేస్తుంది, పైన ఉన్నవాళ్ళు గెలుస్తారు. ఆవిడ పేరు కిందికి దించారు. నెల తర్వాత ఆవిడే జవాబు రాసింది. హాజరు పట్టీలో ఏడు వరసలు లెక్కపెట్టానని, గదిలో ఉన్నవాళ్ళు అరువు పిల్లలని అప్పుడే తెలిసిందని రాసింది. 'కార్లో మీరు చెప్పిన జవాబు నమ్మలేదు. కానీ మళ్ళీ అడగలేదు. ఆ ప్రయాణం నుంచి ఒక్క మంచి కబురైనా తీసుకెళ్ళాలని నాకు ఉండింది. నా ఉద్యోగంలో నాకోసం సర్దిపెట్టిన గదులే ఎక్కువ చూశాను. చివరికి సర్దిన గదిలో కూర్చోవడం అలవాటైపోయింది.' ఇప్పుడు చేతిలో ఏ పథకమూ లేదని, తన ఊళ్ళో వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళకి జర్మన్ నేర్పుతున్నానని రాసింది. పంతులమ్మకి విడిగా నాలుగు వాక్యాలు రాసింది. వాటిని తెలుగులో చదివి వినిపించాను. ఎక్కువ చెయ్యలేదు, తక్కువ చెయ్యలేదు. అవి పంతులమ్మవి కాబట్టి ఇక్కడ రాయను.

తర్వాత తాకేటా వెళ్ళాను. ఆ అమ్మాయికి ఇప్పుడు ఏడేళ్ళ కూతురుంది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మెట్టు మీద నిలబడే అంతా వింది. కూర్చోమనలేదు.

"ఇప్పుడేటి సెయ్యమంటారు మావయ్యా?" అంది.

పంతులమ్మ దగ్గర నువ్వు పాఠం చెప్పడం నేర్చుకుంటావా, నేను తీసుకెళ్తాను, అన్నాను.

"నాకు నేర్పిత్తానని ఎవులొచ్చినా నానింక నమ్మను. నాకు ఒక్క ఆదివారమే సెలవు. మీకు అంత ఇదిగా ఉంటే మీరు నేర్సుకోండి. నేర్సుకుని వచ్చి నా కూతురికి సెప్పండి. అప్పుడు సూత్తాను."

అందులో కోపం ఉంది, న్యాయమూ ఉంది. మర్నాటి నుంచి పొద్దున్నే బస్సెక్కి తామ్వే వెళ్ళి పంతులమ్మ ముందు కూర్చున్నాను. అరవై నాలుగేళ్ళవాణ్ణి. అక్షరం రాయడం వేరు, రాయించడం వేరని మొదటి వారమే తెలిసింది. పిల్లాడు తప్పు రాస్తే చెరిపెయ్యొద్దు, పక్కన సరైనది రాసి ఊరుకో, వాడే చూసుకుంటాడు అనేది. నేను గబగబా చెబితే, దుబాసీ పని కాదురా బాబూ, ఆగు, అనేది. పాత క్యాలెండర్లు తిప్పి వెనకవైపు పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. ఆవిడ వేలు పట్టుకుని గీత వెంట తిప్పితే, ఎంత పెద్దగా ఉన్నాయో చూసేది. రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి తాకేటాలో ఆ అమ్మాయి ఇంటి ముందు గదిలో బడి. మొదటి మూడు వారాలూ ఏడేళ్ళ కూతురు ఒక్కతే కూర్చుంది. తల్లి వంటగది గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని చూసింది. నాలుగో వారం నేను చెప్పిన పద్ధతి బాగోలేదని వచ్చి సుద్ద లాక్కుంది. అప్పటి నుంచి చెప్పేది ఆవిడే, చుట్టుపక్కల మనవాళ్ళ పిల్లలూ వస్తున్నారు. నేను క్యాలెండర్లు ఎత్తి పట్టుకుంటాను, బోర్డు తుడుస్తాను, హాజరు వేస్తాను.

మొన్న ఆదివారం మావ వచ్చాడు, కర్ర పట్టుకుని. గది చూసి, గుడి పండక్కి మన బడి పేరు చదివిస్తానల్లుడూ, పాతికమంది అని చెప్పనా, అన్నాడు. పట్టీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ఆ రోజు వర్షం, నలుగురే వచ్చారు. నలుగురనే రాసి ఉంది.